విమల మాగ్నమ్, రత్నమ్మ తాళాల గుత్తి

డెరెక్ పిత్తాశయంలో రాళ్ళు లేకపోయి ఉంటే విమల ఇంట్లోకి తుపాకి వచ్చేదే కాదు. నార్తాంప్టన్ ఆసుపత్రిలో ఆమె సోనోగ్రాఫర్. చీకటి గదిలో కూర్చుని, జనం పొట్టల మీద చల్లటి జెల్ రాసి, లోపల ఏముందో తెర మీద చూడటం ఆమె పని. డెబ్బై దాటిన డెరెక్ ఆ మంచం మీద పడుకుని, భయం దాచుకోవడానికి ఆగకుండా మాట్లాడుతున్నాడు. నలభై ఏళ్ళు బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోశాడట. ఇప్పుడు ఊరి బయట పాత క్వారీలో ఉన్న షూటింగ్ క్లబ్బుకు సెక్రటరీ అట. "ఊపిరి బిగపట్టండి" అంది విమల. అతను బిగపట్టాడు. రొమ్ము వెంట్రుకంతైనా కదల్లేదు. అంత చక్కగా ఊపిరి బిగపట్టిన మనిషిని ఆమె ఈ మధ్యకాలంలో చూడలేదు. ఉన్నట్టుండి ఆమెకు నిజామాబాద్ గుర్తొచ్చింది.

అప్పుడామెకు పద్దెనిమిదేళ్ళు. కాలేజీ ఎన్‌సీసీలో గోనెపట్టా మీద బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేల్చేది. ఐదు గుళ్ళకు ఐదూ రూపాయి బిళ్ళంత జాగాలో పడేవి. రాష్ట్రస్థాయి క్యాంపుకు ఎంపికైంది. సరిగ్గా ఆ వారంలోనే నిశ్చితార్థం కుదిరింది. పంతులు పెట్టిన ముహూర్తమూ మారదు, మిలిటరీవాళ్ళు పెట్టిన తారీఖూ మారదు. విమల పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. క్యాంపుకు ఇంకో అమ్మాయి వెళ్ళింది. దీని గురించి ఆమె ఎవరి దగ్గరా ఏడవలేదు. విజయకుమార్ మంచివాడు, పెళ్ళయ్యాక చదివించాడు కూడా. ఆ మాట ముందే చెప్పేస్తే మనకూ హాయి. కాకపోతే ముప్పై ఐదేళ్ళ తర్వాత, ఒక ముసలాయన పొట్ట మీద స్కాన్ ప్రోబ్ ఆనించి ఉండగా, ఆ గోనెపట్టా గరుకు మళ్ళీ మోచేతులకు తగిలినట్టయింది.

"మీ క్లబ్బుకు ఆడవాళ్ళు రావచ్చా?" అని అడిగింది, జెల్ తుడుచుకోవడానికి టిష్యూ అందిస్తూ.

"వేళ్ళున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు" అన్నాడు డెరెక్. "నా రాళ్ళ సంగతేంటి?"

రాళ్ళు చిన్నవే. ఆ వచ్చే ఆదివారానికే విమల క్వారీలో ఉంది.

ఇంట్లో ఈ కబురు ఎవరికి ఎలా అందిందో కూడా చెప్పాలి. కొడుకు రిషి మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. ఫోన్లో విని, "మమ్, ఈజ్ దట్ ఈవెన్ లీగల్?" అన్నాడు. విజయకుమార్ ఐటీ ఉద్యోగి, ఇంటి నుంచే పనిచేస్తాడు. హెడ్‌ఫోన్స్ తీసి, "అవసరమా మనకిది విమలా? యోగా క్లాసు లేదా ఈ ఊర్ల?" అని, జవాబు కోసం ఆగకుండా మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. అత్తగారు రత్నమ్మ ఒక్కతే అడగాల్సిన ప్రశ్న అడిగింది. "గురి తప్పకుంట కొడ్తవా?"

రత్నమ్మకు ఎనభై మూడేళ్ళు. రిషి పాకేటప్పుడు వాణ్ణి చూసుకోవడానికి కరీంనగర్ నుంచి వచ్చింది. వాడు పెరిగి పెద్దయ్యాడు, ఆమె ఇక్కడే ఉండిపోయింది. ఆమె నడుముకు ఒక తాళాల గుత్తి ఉంటుంది. మనిషి కనబడకముందే గుత్తి వినబడుతుంది. ఈ ఇంట్లో ఏ తాళానికైనా రెండు చెవులు: ఒకటి వాడేవాళ్ళ దగ్గర, రెండోది రత్నమ్మ దగ్గర. ముందు తలుపు, వెనక తలుపు, తోటలో షెడ్డు, కారు, సూట్‌కేసులు, ఆఖరికి రిషి సైకిల్ తాళం కూడా ఆ గుత్తిలోనే. విమల కాపురానికొచ్చిన కొత్తలో ఇది కొంచెం గుచ్చుకునేది. తర్వాత అలవాటైంది. తర్వాత అసలు కనబడటమే మానేసింది. గోడ గడియారం టిక్కు టిక్కు మనం వినం కదా, అలాగ.

క్లబ్బులో ఆరునెలలు గడిచేసరికి విమల మనసు ఒక వస్తువు మీద పడింది. ఈ దేశంలో మామూలు పిస్తోలు గానీ రివాల్వర్ గానీ ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదు. దాదాపు ముప్పై ఏళ్ళ కిందట నిషేధించారు. చట్టం ఒప్పుకునేది ఒక వింత అవతారాన్ని: అడుగు పొడుగు గొట్టం, పిడి వెనక నుంచి మోచేతి వైపు పొడుచుకొచ్చిన ఇనుప ఊచ. జేబులో పట్టకుండా చేసిన ఏర్పాటది. మొదటిసారి చూసినప్పుడు, రివాల్వర్‌కి ఎవరో గొడుగు కర్ర అతికించారనుకుని విమల నవ్వింది. ఆరు గుళ్ళూ పేల్చాక నవ్వు ఆగింది. ఇరవై ఐదు మీటర్ల దూరంలో గురికోసం నిలబెట్టిన ఇనుప పళ్ళేలు వరసగా కిందపడుతుంటే, ఆ రోజంతా ఆసుపత్రి డ్యూటీల రోటాలో ఎవరెవరు రాలేదో, ఎవరి డ్యూటీ తన నెత్తిన పడిందో ఆమెకు గుర్తుకే రాలేదు.

క్లబ్బులో అలాంటివి రెండున్నాయి. రెండూ మాగ్నమ్‌లే, అంటే ఎక్కువ మందు పట్టిన గుళ్ళు పేల్చేవి. ఒకటి త్రీ ఫిఫ్టీ సెవెన్, రెండోది అంతకంటే పెద్ద ఫార్టీ ఫోర్. సొంతానికి ఒకటి కొనుక్కోవాలంటే పోలీసుల సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ మీద ఏ సైజుదో ముందే రాయించుకోవాలి. దుకాణానికి వెళ్ళి చీరల్లాగ పదీ తీయించి చూసి పదకొండోది కొనే వీలు లేదు. అక్కడ మొదలైంది తంటా.

టెక్సాస్‌లో ఉన్న తమ్ముడు బాపురావు వీడియో కాల్‌లో తేల్చేశాడు. "ఫార్టీ ఫోర్ దీస్కో అక్కా. ఇంకో ఆలోచన వద్దు. అడవిపంది ఒక్క దెబ్బకు పండుకుంటది. త్రీ ఫిఫ్టీ సెవెన్ ఉత్త పోరగాండ్ల ఆట."

"నార్తాంప్టన్ల అడవిపంది యాడిదిరా? సూపర్‌మార్కెట్ల దప్ప."

"ఫారంల హంటింగ్ అని రాయి. ఇస్తరు."

డెరెక్ ఆ మాట విని తల పట్టుకున్నాడు. ఇక్కడ జింకను వేటాడాలంటే రైఫిలే ఉండాలి, రివాల్వర్‌తో వేట అని రాస్తే ఫారం తిరిగొస్తుంది అని చెప్పాడు. ఇక్కడ ఇది కాగితాల మీద, పళ్ళేల మీద గురిచూసుకునే సరదా, అంతే. "మరి ఏది తీసుకోను?" అని అడిగితే ఆమె కుడిచెయ్యి పట్టుకుని, తోలు ముక్కను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది చిన్న చెయ్యి. ఆ చేత్తోనే కదా నా రాళ్ళు చూశారు? త్రీ ఫిఫ్టీ సెవెన్ తీసుకోండి. అందులో తక్కువ మందు పట్టిన థర్టీ ఎయిట్ గుళ్ళు కూడా పేలతాయి. పక్కవాడి కాలు చూసి బూటు కొనుక్కుని ఏడ్చినవాళ్ళను నలభై ఏళ్ళు చూశాను."

రత్నమ్మ లెక్క వేరు. కారు నంబర్ కూడితే తొమ్మిది రావాలని కొడుకును ఆరు వారాలు ఆపిన మనిషి ఆమె. పూజగదిలో కూర్చుని వేళ్ళ మీద కూడింది. "నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎనిమిది శనిది బిడ్డా. మూడూ ఐదూ ఏడూ పదిహేను. ఒకటీ ఐదూ ఆరు. ఆరు శుక్రునిది. గా రెండోది దెచ్చుకో." బూట్ల ఫ్యాక్టరీ డెరెకూ, కరీంనగర్ రత్నమ్మా జీవితంలో ఒకరినొకరు చూసుకోలేదు, అయినా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. విమల వినేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

వినలేదు. ఎందుకంటే ఆ ఆదివారం క్లబ్బు టీ గదిలో ఇద్దరు సభ్యులు, మంచి మనసుతోనే, "త్రీ ఫిఫ్టీ సెవెనా? అవును, ఆడవాళ్ళకు అదే నయం" అన్నారు. విమల బిస్కెట్ పక్కన పెట్టి లేచింది. తిన్నగా వెళ్ళి ఫార్టీ ఫోర్ అడిగి తీసుకుని పద్దెనిమిది గుళ్ళు పేల్చింది. గురి బాగానే కుదిరింది. పేల్చిన ప్రతిసారీ దెబ్బ అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. ఇంటికొచ్చి ఫారం తెరిచి, సైజు అన్నచోట ఫార్టీ ఫోర్ మాగ్నమ్ అని నింపి పంపించింది. కోపంలో పెట్టిన సంతకం అది, ఆ సంగతి సోమవారం తెలిసింది.

సోమవారం పొద్దున ఐదునెలల గర్భిణి ఒకామె స్కాన్‌కు వచ్చింది. బిడ్డ గుండె చూపిస్తుండగా విమల బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ మొద్దుబారాయి. ప్రోబ్ చేతిలో ఉందో లేదో తెలియలేదు. ఒక్క క్షణం ఆగింది. ఆ గదిలో సోనోగ్రాఫర్ ఆగడమంటే ఏమిటో పడుకున్నవాళ్ళకు తెలుసు. "ఏమైనా తేడా ఉందా?" అని ఆ గర్భిణి అడిగినప్పుడు గొంతు పీలగా వచ్చింది. "బేబీకి ఏమీ లేదమ్మా, నా చెయ్యే తిమ్మిరెక్కింది" అని విమల ఎడమ చేత్తో స్కాన్ పూర్తిచేసింది. ఆ తర్వాత స్టాఫ్ టాయిలెట్‌లో వేడినీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని నిలబడి సిగ్గుపడింది. సరదా కోసం వెళ్ళి ఒక తల్లిని భయపెట్టింది. అయినా ఫారం మార్చుకోలేదు. మార్చుకుంటే టీ గదిలో ఆ ఇద్దరి మాటా నిజమవుతుంది. ఇలాంటి మొండితనం చదువుకున్నవాళ్ళకే ఎక్కువ.

ఫారంలో హామీదారులుగా పేర్లిచ్చిన ఇద్దరు పరిచయస్థులతో పోలీసులు మాట్లాడారు. ఆమె ఆరోగ్యం గురించి డాక్టరు క్లినిక్ నుంచి కాగితం వెళ్ళింది. ఇనుప పెట్టె వచ్చింది. విజయకుమార్ ఇంకా గొణుగుతూనే, మెట్ల కింది అరలో గోడకు నాలుగు బోల్టులు బిగించాడు. రత్నమ్మ పెట్టెకు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టెతో వచ్చిన కవరులో రెండు తాళంచెవులున్నాయి. ఒకటి విమల పర్సులో వేసుకుంది. రెండోది, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో రెండో చెవి ఎటు వెళుతుందో అటే వెళ్ళింది. ఇచ్చినట్టు విమలకు గుర్తు కూడా లేదు.

క్లబ్బులో డెరెక్ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు: తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదు, భర్తక్కూడా, ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియకూడదు అని. విమల శ్రద్ధగా తలూపింది. ఎవరికీ అంటే దొంగలకు, పనికి వచ్చేవాళ్ళకు, చుట్టాలకు అని ఆమె బుర్ర అర్థం చేసుకుంది. అత్తమ్మ "ఎవరో" ఎలా అవుతుంది?

అక్టోబర్‌లో ఒక బుధవారం పదిన్నరకు పోలీసు శాఖ నుంచి ఎంక్వైరీ ఆఫీసర్ వచ్చింది. పేరు హెలెన్. యాభై ఏళ్ళుంటాయి. యూనిఫాం లేదు, తడిసిన రెయిన్‌కోటు, చేతిలో టాబ్లెట్. ఆమె రాసే రెండు లైన్ల మీద ఆధారపడి ఉంటుంది సర్టిఫికెట్ వస్తుందో రాదో. ఒకసారి కాదన్నారంటే ఆ మాట రికార్డులో ఉంటుంది. క్లబ్బులో ఉండనిస్తారో లేదో కూడా అనుమానమే. విమలకు రాత్రి నిద్ర లేదు. వచ్చిన ఆఫీసరు ఆడమనిషే అని తెలిసి రత్నమ్మకు మాత్రం ధైర్యం వచ్చింది. పళ్ళెంలో మురుకులు, కప్పులో చాయ్ పెట్టి, గుత్తి గలగలలాడించుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

హెలెన్ మెట్ల కింద వంగి, పెట్టెను రెండు చేతులా పట్టి లాగింది. కదల్లేదు. విజయకుమార్ ముఖం వెలిగింది.

"ఈ ఎర్ర చుక్కలేమిటి?"

"మా అత్తగారు పూజ చేశారు."

"సరే. తాళంచెవి?"

విమల పర్సులోంచి తీసి చూపించింది.

"ఈ కంపెనీ పెట్టెలతో రెండొస్తాయి. రెండోది?"

వంటింట్లోంచి గుత్తి చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో మొదటిసారిగా ఆ చప్పుడు విమలకు నిజంగా వినబడింది. ఆమె కళ్ళు వంటింటి వైపు తిరిగాయి.

"బ్యాంక్ లాకర్లో ఉంది" అన్నాడు విజయకుమార్.

ఆయన అంత వేగంగా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పి ఎరగడు. తుపాకి వద్దని ఆరునెలలు సణిగిన మనిషి, భార్య ముఖం పాలిపోగానే ఆలోచించకుండా అబద్ధమాడేశాడు. విమలకు ఆయన మీద ప్రేమా, ఆయన నోరు మూయాలన్న కోపమూ ఒకేసారి వచ్చాయి. హెలెన్ టాబ్లెట్ మీద టైపు చేస్తోంది. ఊరుకుంటే చాలు. ఆమె వెళ్ళిపోగానే గుత్తిలోంచి చెవి తీసి నిజంగానే లాకర్లో పెట్టొచ్చు. సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఐదేళ్ళకోసారి, సర్టిఫికెట్ కొత్తది చేయించుకున్నప్పుడల్లా, ఇదే అబద్ధాన్ని మళ్ళీ చెప్పాలి. పైగా, చీకటి గదిలో కూర్చుని మనుషులకు ఉన్నదున్నట్టు చూపించడం ఆమె వృత్తి. ఆ గదిలో ఆమె ఎన్నడూ తెర తిప్పేయలేదు.

"కాదు" అంది విమల. "మా ఆయన నన్ను కాపాడుతున్నారు. రెండో చెవి మా అత్తగారి నడుముకుంది."

హెలెన్ వేలు టాబ్లెట్ మీద ఆగింది. విజయకుమార్ తన సాక్సుల వైపు చూసుకున్నాడు.

"ఎందుకు?"

"కారణమేం లేదు. మా ఇంట్లో ప్రతి తాళానికీ రెండోది ఆమె దగ్గరే ఉంటుంది. నేను ఆలోచించలేదు. ఎవరికీ ఇవ్వకూడదని తెలుసు. ఆమె కూడా ఆ ఎవరిలోకి వస్తుందని నాకు తోచలేదు."

చెబుతుంటేనే ఎంత తెలివితక్కువగా ఉందో ఆమెకే వినబడింది. హెలెన్ విమల చేతిలోని చెవి తీసుకుని పెట్టె తెరిచింది. లోపల కొత్త రంగు వాసన తప్ప ఏమీ లేదు. ఖాళీ అరలను కాసేపు చూసి, తలుపు మూసి, తాళం వేసింది.

"ఇవాళ ఇది ఖాళీ పెట్టె" అంది. "ఖాళీ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరున్నా నాకు పనిలేదు. లోపల తుపాకి ఉండగా ఇదే సంగతి బయటపడితే నేను మీతో చాయ్ తాగుతూ కూర్చోను. అర్థమైందా?"

"అర్థమైంది."

"అంకెల తాళమున్న చిన్న పెట్టె ఒకటి కొనండి. రెండు చెవులూ అందులో ఉండాలి, అంకెలు మీ ఒక్కరికే తెలియాలి. రెండు వారాల్లో మళ్ళీ వస్తాను." తర్వాత విజయకుమార్ వైపు తిరిగింది. "దరఖాస్తు మీది కాదు కాబట్టి బ్యాంకు సంగతి నేను వినలేదనుకుంటాను. ఇంకోసారి వినబడేలా చెప్పకండి."

విమల ఊపిరి వదిలింది. అంతసేపు బిగపట్టి ఉన్నానని అప్పుడే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. పోలేదు, సర్టిఫికెట్ పోలేదు. ఒక మురుకు తీసుకుని గబగబా నమిలింది.

ఇక మిగిలింది అత్తమ్మ. హెలెన్ చూస్తుండగానే రత్నమ్మను పిలిచి, ఆ తాళంచెవి ఇచ్చేయాలని విమల చెప్పాల్సి వచ్చింది. ఆ గుత్తిలో చెవులు చేరడమే గానీ, ఒకటి వెనక్కి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"అత్తమ్మా, ఆ పెట్టె చెవి నాకియ్యాలె. మీ దగ్గర ఉండరాదట. కానూన్ అట."

రత్నమ్మ చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. "నేను దొంగనా బిడ్డా?"

"కాదత్తమ్మా. ఎవరి దగ్గర ఉండరాదు. నేను ఏడ పెడ్తనో గూడ ఎవరికి తెల్వద్దు."

"నాకు గూడనా?"

"మీకు గూడ."

"విజయ్‌కు?"

"ఆయనకు గూడ తెల్వద్దు."

రత్నమ్మ కొడుకును చూసింది. హెలెన్‌ను చూసింది. నిదానంగా కుర్చీలో కూర్చుని గుత్తి విప్పింది. "వీనికి గూడ తెల్వద్దా? మొగనికి గూడ చెప్పనవసరం లేదని సర్కారే అంటుందా?"

"అవునత్తమ్మా."

"గట్లయితే మంచిదే." ఒక్కో చెవీ పక్కకు జరుపుతూ మాట్లాడింది. "నా పెండ్లయి అరవై ఏండ్లు దాటింది. మా అత్త సచ్చిపోయినంక గుత్తి నా చేతికొచ్చింది. శానా సంబరపడ్డ. ఇండ్ల ఒక్క తాళమన్న నాదా? మీ మామ బీరువ, మీ మామ గల్లపెట్టె, నీ మొగని పెట్టె, పోరని సైకిల్. అందరియి మోసిన. నాదంటు ఒక్కటి లేకుండె." పసుపు అంటిన చిన్న చెవిని వేరుచేసి విమల అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "దీన్ని ఎవ్వరికియ్యకు."

ఏమైందని హెలెన్ అడిగితే, "ఇచ్చేశారు" అని మాత్రం అంది విమల. ఆ మూసిన పిడికిలి చూసుకుంటూ, ఇది నా చెయ్యి, దీన్ని ఎవరి మీద పంతానికి నొప్పిపెడుతున్నాను అనుకుంది. ఒక నిజం చెప్పాక రెండోది అంత కష్టం కాలేదు.

"ఫారంలో ఫార్టీ ఫోర్ అని రాశాను. అది తప్పు. త్రీ ఫిఫ్టీ సెవెన్ అని మార్చవచ్చా?"

"ఇంకా మంజూరు కాలేదు కాబట్టి మార్చవచ్చు. ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టండి, నేనూ రాసుకుంటాను. కారణం?"

"నా చేతికి అది ఎక్కువ. ఈ చేత్తో నేను పిల్లల్ని చూడాలి."

హెలెన్ రాసుకుంది. పక్కన నిలబడ్డ విజయకుమార్ తల్లికి విషయం చెప్పాడు. రత్నమ్మ ఆశ్చర్యపోలేదు. "ఆరు శుక్రునిదని నేనెప్పుడో చెప్పిన" అని, మిగిలిన మురుకులు కవర్లో కట్టి ఆఫీసర్ చేతికివ్వబోయింది. డ్యూటీలో తీసుకోకూడదని హెలెన్ అంటే, ఒక్కటైనా నోట్లో వేసుకోనిదే గుమ్మం దాటనివ్వలేదు.

రెండు వారాలకు హెలెన్ మళ్ళీ వచ్చింది, అంకెల పెట్టె చూసింది, పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. డిసెంబర్ మొదట్లో సర్టిఫికెట్ పోస్టులో పడింది. డెరెక్‌కు తెలిసిన డీలర్ దగ్గర పాత త్రీ ఫిఫ్టీ సెవెన్ ఒకటి దొరికింది. పిడి ఎవరో చిన్న చేతులవాళ్ళు వాడి నునుపు చేసినట్టుంది. మొదటి ఆదివారం టీ గదిలో ఆ ఇద్దరూ, "చెప్పాం కదా, అదే నయమని" అన్నారు. విమల నవ్వి, "నా చేతికి నయం" అంది. ఆ రోజు అరవై గుళ్ళు పేల్చింది. ఆఖరి వరసలో ఆరు పళ్ళేలూ పడ్డాయి. డెరెక్ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసి, తిమ్మిరి లేదని తేల్చుకుని, తన ఊపిరి తాను వదిలాడు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. విజయకుమార్ కాల్‌లో ఉన్నాడు. విమల మెట్ల కింద కూర్చుని, తుపాకి పెట్టెలో పెట్టి, తాళం వేసి, అంకెల పెట్టె అందుకోవడానికి తలెత్తింది. హాల్లో రత్నమ్మ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. చీరకొంగు కళ్ళ మీదికి లాక్కుంది. గుత్తి చప్పుడు కాకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"నేను చూస్తలేను బిడ్డా" అంది గోడతోనే. "నువ్వు నిమ్మలంగ ఏస్కో."

విమల నాలుగు అంకెలూ తిప్పి, తాళంచెవి లోపల వేసింది. మూత పడింది.

"అయిందా?"

"అయిందత్తమ్మా."

రత్నమ్మ అప్పుడు ఇటు తిరిగి, కొంగు సర్దుకుని, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.